వారమంతా నింపేసిన నీ టైంటేబుల్ గురించి

చిరంజీవి మేనకోడలికి,

మేనత్త ఆశీస్సులు. ఈ ఏడాది కోసం నువ్వు గంటగంటకూ గీసుకున్న టైంటేబుల్‌ను మీ అమ్మ నాకు పంపింది. తెల్లవారుజామున ఐదు గంటలకు లేచి ఆప్టిట్యూడ్ సాధన, ఆ తరువాత తరగతులు, తరగతులు ముగియగానే ప్రాజెక్టు, సాయంత్రం ఆన్‌లైన్ కోర్సు, రాత్రి ఇంటర్న్‌షిప్ పని, అది కూడా అయ్యాక అర్ధరాత్రి దాటేవరకు పాఠాల పునశ్చరణ అని రాసుకున్నావు. శనివారాన్ని రెండు క్లబ్బులకు పంచావు. ఆదివారం సాయంత్రం గడిలో మాత్రం ‘వారం పని పూర్తయితే విశ్రాంతి’ అని ఉంది. మొదటిసారి చూసినప్పుడు, మా ఇంటి పిల్ల ఇంత పట్టుదలగా ఉందా అని గర్వపడ్డాను. రెండోసారి చూస్తున్నప్పుడు, ఇలాంటి కాగితమే ఒకటి ఎన్నో ఏళ్ళ క్రితం మా ఇంట్లో గోడకు అంటించి ఉండేదని గుర్తుకు వచ్చి, ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

నీకు తెలిసిన సంగతులను ముందుగా ముగిస్తాను. తరగతులు మానకు. సెమిస్టర్ మొదటి వారంలోనే అన్ని సబ్జెక్టుల అసైన్‌మెంట్ గడువులనూ పరీక్షల తేదీలనూ ఒకే క్యాలెండర్‌లోకి ఎక్కించుకో. రెజ్యూమెను అవసరం పడిన రాత్రి కాకుండా నెలకొకసారి సవరించుకుంటూ ఉండు. అసలైన ఇంటర్వ్యూకు ముందు ఎవరో ఒకరి ఎదుట కూర్చుని మాక్ ఇంటర్వ్యూ ఇవ్వు. వీటి మీద నాకు బెంగ లేదు.

నా బెంగ అంతా నిద్ర గురించి. నువ్వు వేసుకున్న లెక్క ప్రకారం నిద్రకు మిగిలింది ఐదు గంటల లోపే. నీ వయసువారికి, అంటే 18 నుంచి 25 ఏళ్ళ మధ్యవారికి, నిద్రను అధ్యయనం చేసే నిపుణులు చెప్పేది రోజుకు 7 నుంచి 9 గంటలు. మనస్తత్వశాస్త్రం బోధించిన రోజుల్లో నేను తరగతిలో తప్పకుండా చెప్పే ప్రయోగం ఒకటి ఉంది. 2003లో హాన్స్ వాన్ డాంగెన్, ఆయన సహచరులు ఆరోగ్యంగా ఉన్న మనుషులను పద్నాలుగు రోజుల పాటు, కొందరిని రాత్రికి 4 గంటలు, కొందరిని 6, కొందరిని 8 గంటలు పడుకోనిచ్చి, వారి ఏకాగ్రతను రోజూ పరీక్షించారు. ఆరు గంటలూ అంతకన్నా తక్కువా పడుకున్నవారు రోజురోజుకూ దిగజారి, చివరికి ఒకటి రెండు రాత్రులు కంటిమీద కునుకు లేకుండా గడిపినవారితో సమానమయ్యారు. అందులో నన్ను భయపెట్టే విషయం అది కాదు. తాము అంతగా దెబ్బతిన్నామని వారికి పెద్దగా తెలియనే లేదు. ‘నాకు ఐదు గంటలు చాలు అత్తయ్యా, అలవాటైపోయింది’ అని నువ్వు అంటావని నాకు తెలుసు. ఆ ప్రయోగంలో పాల్గొన్నవారిని అడిగి ఉన్నా దాదాపు అదే మాట చెప్పేవారు. కనుక ఈ ఒక్క విషయంలో నీ అభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకోను. కోపం వచ్చినా సరే.

గోడకు అంటించిన ఆ కాగితం మీ నాన్నది. ఈ సంగతి వాడు నీకు చెప్పి ఉండడు.

కాలేజీ మూడో సంవత్సరంలో అడుగుపెట్టిన రోజున వాడు కూడా ఇలాగే వారంలో ఉన్న ప్రతి గంటకూ ఒక పని కేటాయించాడు. అంతకుముందు వరకు సాయంత్రమైతే వాలీబాల్ కోర్టులో తప్ప మరెక్కడా దొరికేవాడు కాదు. మొట్టమొదట కోత పెట్టింది ఆ ఆటకే. తరువాత స్నేహితులతో కలిసి భోజనానికి వెళ్ళడం మానేసి, పుస్తకం ముందు పెట్టుకుని ఒంటరిగా తినడం మొదలుపెట్టాడు. సెలవులకు ఇంటికి వచ్చినా అదే వరుస. మేము మాట్లాడిస్తే గడియారం వైపు చూసేవాడు. ఇంత చేసినా మార్కులు పెరగలేదు. ఒకే పేజీ తెరిచి పెట్టుకుని గంటసేపు కూర్చోవడం నేను చూశాను. అది చదువు కాదని, అలసిపోయిన బుర్ర చదువుతున్నట్లు నటించడమని ఇప్పుడైతే చెప్పగలను. వాడికి మాత్రం ఇంకా కష్టపడాలని మాత్రమే తోచింది. నిద్రలో నుంచి మరో గంట తీశాడు.

వాడి కష్టమంతా ఒకే ఒక సంస్థలో ట్రైనీగా చేరడం కోసం. ఆ సంస్థలో అప్పటికే పని చేస్తున్న ఒక సీనియర్ ఒకనాటి సాయంత్రం కాలేజీకి వచ్చి, పాత అలవాటు కొద్దీ కోర్టులోకి దిగి ఒక ఆట ఆడి, ఆ వారంలోనే దరఖాస్తుల గడువు ముగుస్తుందని అక్కడున్న వాళ్ళకు చెప్పి వెళ్ళాడు. అప్పట్లో ఇలాంటి కబురు చేతిలోని ఫోనుకు వచ్చి వాలేది కాదు. మనిషి మనిషికి చెప్పవలసిందే. కోర్టులో ఉన్న నలుగురైదుగురూ దరఖాస్తు చేశారు. గడువు దాటిపోయాక విషయం తెలిసిన మీ నాన్న, ‘నాకు ఒక్కరూ ఎందుకు చెప్పలేదు’ అని ఒక స్నేహితుడి మీద విరుచుకుపడ్డాడు. ‘నువ్వు ఎక్కడ కనిపించావని చెప్పాలి?’ అని అతను అడిగాడట. అందులో వెటకారం కూడా లేదట. ఎవరూ వాడి దగ్గర ఏదీ దాచలేదు. వాడే నెలల తరబడి ఎవరికీ ఎదురుపడలేదు.

అక్కడితో అయిపోతే దురదృష్టం అనుకునేదాన్ని. కొన్నాళ్ళకు మరోచోట ఇంటర్వ్యూ వచ్చింది. ముందు రాత్రంతా మేలుకుని చదివి వెళ్ళాడు. సర్టిఫికెట్ల ఫైలు తిరగేసిన పెద్దమనిషి, వీటిలో ఏదైనా ఒకటి ఉపయోగించి నువ్వు సొంతంగా తయారు చేసినది ఏమిటో చెప్పమన్నాడు. తన ప్రాజెక్టు గురించే చెప్పి ఉండవలసింది. దాన్ని చేసినవాడికి ఆ క్షణాన దాని పేరు కూడా నోటికి రాలేదు. ఇంటికి వచ్చి రెండు రోజులు పడుకునే ఉన్నాడు. లేచాక గోడ మీది కాగితం తనే చించేశాడు. ఆ తరువాత ఏడాదికి మంచి ఉద్యోగమే దొరికింది, జీవితం నిలబడింది, అదంతా నీకు తెలిసినదే. వాలీబాల్ మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. నా తమ్ముడి విషయంలో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది పోయిన ఉద్యోగం కాదు, ఆ ఆట.

కబుర్లు చెప్పుకునే సమయమంతా దండుగ అని నువ్వు కూడా అనుకుంటున్నట్లుంది. నీ టైంటేబుల్‌లో మనుషుల కోసం ఒక్క గడి కూడా లేదు. మార్క్ గ్రానోవెటర్ అనే సమాజశాస్త్రవేత్త 1973లో ప్రచురించిన వ్యాసాన్ని చూడు. తెలిసినవారి ద్వారా ఉద్యోగం సంపాదించుకున్నవారిని ఆయన విచారిస్తే, ఆ కబురు చెప్పిన మనిషిని తరచుగా కలిసేవాళ్ళమని చెప్పినవారు 17 శాతం లోపే. మిగిలినవారందరికీ కబురు అందింది అప్పుడప్పుడు, లేదా ఎప్పుడో ఒకసారి కలిసేవారి నుంచి. ప్రాణస్నేహితులకు తెలిసినదంతా మనకూ ముందే తెలిసి ఉంటుంది. కొత్త సంగతి ఎప్పుడూ పక్క గుంపులో నుంచే రావాలి. ఉద్యోగాల కోసం పరిచయాలు పెంచుకోమని నేను అనడం లేదు, అలాంటి పరిచయాలు ఎదుటివారికి ఇట్టే తెలిసిపోతాయి. సాయంత్రం ఒక గంట ఏ లెక్కా లేకుండా నలుగురిలో ఉండు, అంతే.

ఇక నువ్వు పెట్టుకున్న ఆ ఆదివారపు షరతు సంగతి. వారం పని పూర్తయితే విశ్రాంతి అన్నావు. వారం పని పూర్తి కాదు. ఎందుకంటే ఏ పనికి ఎంత సమయం పడుతుందో అంచనా వేయడం మనుషులకు చేతకాదు. 1994లో రోజర్ బ్యూలర్, మరో ఇద్దరు కలిసి చేసిన అధ్యయనంలో, థీసిస్ ముగించడానికి ఎన్ని రోజులు పడుతుందని విద్యార్థులను అడిగితే సగటున 34 రోజులు అన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని రోజులు పడుతుందని అడిగినా 49 దగ్గర ఆగారు. నిజంగా పట్టింది 55 రోజులకు పైనే. అంచులదాకా నీళ్ళు నింపిన బిందెను ఎత్తుకుని నడవబోతున్నావు నువ్వు. ఒక రోజు జ్వరం వచ్చినా, ఒక అసైన్‌మెంట్ మొండికేసినా ఒలికేది ముందుగా ఆదివారమే, ఆ తరువాత నిద్ర. అందుకని విశ్రాంతిని మొదట రాసి, మిగిలిన చోటులో పనిని రాయి. ఆదివారం మధ్యాహ్నం నుంచి పడుకునే వరకు, పని పూర్తయినా కాకపోయినా, నీది. వారం మధ్యలో ఒక పూటను ఏమీ రాయకుండా ఖాళీగా వదిలిపెట్టు. వెనకబడిన పనులు వచ్చి పడేది అందులోనే.

అంత సమయం ఎక్కడి నుంచి వస్తుందని అడుగుతావు. ముందుగా ఆ అర్ధరాత్రి పునశ్చరణను కొట్టెయ్. పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదవడం అన్నిటికన్నా ఎక్కువ సమయం తిని అన్నిటికన్నా తక్కువ మిగిల్చే పద్ధతి. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 2006లో చేసిన పరీక్షలో, పాఠాన్ని తిరిగి చదివినవారు ఐదు నిమిషాల తరువాత అడిగితే ముందున్నారు; వారం తరువాత అడిగితే, పుస్తకం మూసి గుర్తున్నది రాసుకున్నవారు వారిని దాటిపోయారు. పరీక్ష ఎప్పుడూ ఐదు నిమిషాల తరువాత ఉండదు కదా. తరగతి అయిన రోజునే, వెలుతురు ఉండగానే, నోట్సు మూసి ఇరవై నిమిషాలు రాసుకో; నాలుగు రోజులు ఆగి మరోసారి రాసుకో.

రెండో కోత ఆన్‌లైన్ కోర్సు మీద పడాలి. సర్టిఫికెట్ల మీద నాకు మొదటి నుంచీ చిన్నచూపే, అది మీ నాన్న ఫైలు వల్ల వచ్చిన జబ్బు కావచ్చు. అయినా ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు రెండూ నడుస్తున్న సెమిస్టర్‌లో మూడోది ఎందుకు? ఆ ప్రాజెక్టునే ఎవరికైనా చూపించి, ఎందుకు చేశావో, ఎక్కడ తడబడ్డావో, ఎలా సరిదిద్దావో పది నిమిషాలు చెప్పగలిగేంత బాగా చెయ్యి. రెండు క్లబ్బుల్లో నీకు నిజంగా ఇష్టమైనది ఏదో దానిలోనే ఉండు. రెండోది రెజ్యూమెలో ఒక వరుస కోసం చేరినదని నాకు అనుమానం.

చదువు, ఉద్యోగ ప్రయత్నం, తీరిక అనే మూడింటినీ ఏ రోజుకారోజు సమానంగా తూచాలనుకోవడం కూడా వృథా ప్రయాస. పరీక్షల నెలలో ఉద్యోగ ప్రయత్నాన్ని వారానికి ఒకటి రెండు గంటలకు దించు. దరఖాస్తుల కాలంలో క్లబ్బుకు ముందుగానే చెప్పి సెలవు తీసుకో. పెద్ద సెలవుల్లో మొదటి వారం రోజులు ఏ పనీ ముట్టుకోకు. కష్టమైన కొత్త విషయాలు నేర్చుకోవడానికి ఆ తరువాతి రోజులు బాగుంటాయి. ఏ కాలంలోనూ తగ్గించకూడనివి నిద్ర, ఆ ఆదివారం.

తీరిక అంటే మంచం మీద పడుకుని ఫోను జరుపుతూ ఉండటం కాదని చెబితే ముసలమ్మ గోల అంటావు. అను. గంటసేపు ఫోను చూసి లేచాక ఒళ్ళు తేలికపడిందో లేదో నిన్ను నువ్వే అడిగి చూసుకో. చిన్నప్పుడు నువ్వు బొమ్మలు వేస్తూ కూర్చుంటే అన్నానికి పిలిచినా పలికేదానివి కాదు. రంగులు అంటిన చేతులతోనే వచ్చి నా ఒళ్ళో కూర్చునేదానివి. ఆ రంగులపెట్టె హాస్టల్‌కు తీసుకువెళ్ళావా? వెళ్ళకపోతే మీ అమ్మ చేత పంపిస్తాను. ఆ బొమ్మలు ఎవరికీ చూపించనక్కరలేదు, ఏ పోటీకీ పంపనక్కరలేదు.

ఇంకొక్క మాట, ఇది సలహా కాదు, ఆజ్ఞ. రెండు వారాల పాటు నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, ఇష్టమైన పని మీద కూడా ఆసక్తి పోయినా, సెమిస్టర్ అయ్యాక చూసుకుందామని ఊరుకోకు. కాలేజీ కౌన్సెలర్ దగ్గరకు వెళ్ళు, నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రి అయినా ఎత్తుతాను. ఆ సమయానికి ఎందుకు మేలుకుని ఉన్నావని మాత్రం ముందు తిడతాను.

మార్చిన టైంటేబుల్‌ను ఈ ఆదివారం లోపల నాకు పంపు, పరీక్షల తేదీలు కూడా జత చెయ్యి. వాలీబాల్ సంగతి మీ నాన్నను అడగాలనిపిస్తే అడుగు. నేను రాశానని మాత్రం చెప్పకు, ఆ కాగితం గోడ మీద ఉన్న సంగతి నేను ఇంకా మరిచిపోలేదని తెలిస్తే పోట్లాటకు వస్తాడు.

ఇట్లు,
నీ మేనత్త