విజయనగరం, శ్రీకాకుళం వైపు భారీ బ్యాటరీ కర్మాగారం పెట్టడం సాధ్యమేనా? పెడితే మన పిల్లలకు ఉద్యోగాలు వస్తాయా? మా అబ్బాయి డిప్లొమా చదువుతున్నాడు, బ్రాంచి మార్చాలా?

ముందుగా తేల్చుకోవలసింది ఒకటుంది. మీరు అడుగుతున్నది సెల్ (బ్యాటరీలో కరెంటును నిల్వచేసే అసలు భాగం) తయారుచేసే కర్మాగారం గురించా, ప్యాక్ కట్టే కర్మాగారం గురించా? పత్రికలు రెండింటినీ బ్యాటరీ ఫ్యాక్టరీ అనే రాస్తాయి. ప్యాక్ అంటే బయటినుంచి, ఎక్కువగా చైనా నుంచి, తెప్పించిన సెల్స్‌ను వరుసగా పేర్చి, వెల్డింగ్ చేసి, నియంత్రణ సర్క్యూట్లు అమర్చి పెట్టెలో బిగించడం. అందుకు మంచి షెడ్డు, నమ్మకమైన కరెంటు, కాస్త శిక్షణ ఉన్న మనుషులు చాలు. సెల్ తయారీ వేరే లోకం. ఉద్యోగాలు, భూమి, కాలుష్యం అన్నీ ఈ తేడా మీదే ఆధారపడతాయి.

మాది చీపురుపల్లి దగ్గర పల్లె. పాలిటెక్నిక్ చదివి, మరో రాష్ట్రంలో లిథియం అయాన్ సెల్స్ తయారుచేసే ప్లాంటులో కోటింగ్, అంటే రేకుల మీద పూత పోసే, విభాగంలో చేరాను. ఇప్పటికీ అదే పని. కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్పగలను.

భీమాలిలో మామిడి తాండ్ర పోయడం చూసినవారికి మా పని సులువుగా అర్థమవుతుంది. రసం పలుచగా పరచాలి, ఆరబెట్టాలి, అంతటా ఒకే మందం ఉండాలి. మేం పరిచేది నల్లటి ముద్ద, దాన్ని స్లర్రీ అంటాం. ధన ధ్రువానికైతే అల్యూమినియం రేకు మీద, రుణ ధ్రువానికైతే రాగి రేకు మీద పూస్తాం. రాగి రేకు మందం పది మైక్రాన్ల లోపే, అంటే తల వెంట్రుక మందంలో ఏడో వంతు. ఆ రేకు ఆగకుండా పరుగెత్తుతూ పదుల మీటర్ల పొడవున్న ఓవెన్‌లోకి వెళ్తుంది. స్లర్రీలో ఒక చిన్న ఉండ మిగిలిపోయి పూత పోసే సందులో ఇరుక్కుంటే చాలు, రేకు పొడవునా సన్నని గీత పడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు అది కనిపించనే లేదు. పక్కనున్న సీనియర్ వేలితో చూపించాక కనిపించింది. ఆ గీత ఉన్న మేరకు రేకంతా స్క్రాపే.

అసలు కష్టం ఏమిటంటే, తప్పు అప్పటికప్పుడు బయటపడదు. పూత తర్వాత రోలర్ల మధ్య నొక్కడం, చీల్చడం, చుట్టడం, ఎలక్ట్రోలైట్ (రెండు ధ్రువాల మధ్య అయాన్లను మోసే ద్రవం) నింపడం, ఆ తర్వాత ఫార్మేషన్, అంటే తొలిసారి ఛార్జి చేయడం. చివరగా సెల్స్‌ను ర్యాకుల్లో రోజుల తరబడి, ఒక్కోసారి రెండు మూడు వారాలు కదపకుండా ఉంచి, వోల్టేజీ తగ్గుతున్నవాటిని ఏరేస్తారు. ఇవాళ కోటింగ్‌లో దొర్లిన పొరపాటు పక్షం రోజుల తర్వాత అక్కడ తేలితే, ఈలోపు అదే పొరపాటుతో ఎన్ని సెల్స్ తయారై ఉంటాయో ఊహించండి.

దీనికి తోడు తేమ. ఎలక్ట్రోలైట్‌లోని లిథియం లవణానికి నీటి తడి తగిలితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అందుకే నింపే గదిలో గాలి డ్యూ పాయింట్‌ను (గాలిలోని తడి పేరుకోవడం మొదలయ్యే ఉష్ణోగ్రతను) మైనస్ 40 డిగ్రీలకూ అంతకంటే కిందికీ దించుతారు. మన తీరంలో శ్రావణమాసపు గాలి ఘనపు మీటరుకు ఇరవై గ్రాములకు పైగా నీటిని మోస్తుంది. డ్రై రూమ్‌లో, అంటే ఆ నింపే గదిలో, అది పావు గ్రాము కూడా ఉండకూడదు. మనుషుల ఊపిరి, చెమట కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి లోపల ఒకేసారి ఎంతమంది ఉండాలో పరిమితి ఉంటుంది. ఒక వానాకాలం రాత్రి మా ప్లాంటులో తేమ తీసే యంత్రం మొరాయించింది. ఆ షిఫ్టులో నింపిన సెల్స్ అన్నీ పక్కన పెట్టేశారు. భోగాపురం దగ్గరో రణస్థలం దగ్గరో ప్లాంటు కడితే ఈ పోరాటం ఏడాదిలో ఎక్కువ నెలలు ఉంటుంది. సాధ్యమే, కానీ దాని మూల్యం కరెంటు ఖర్చు రూపంలో కట్టాల్సి వస్తుంది.

డబ్బుంటే చాలదనడానికి స్వీడన్‌లోని నార్త్‌వోల్ట్ పెద్ద ఉదాహరణ. టెస్లాలో పనిచేసి వచ్చిన పీటర్ కార్ల్‌సన్ స్థాపించిన బ్యాటరీ సెల్స్ సంస్థ అది. వేల కోట్ల డాలర్ల స్థాయిలో అప్పులు, ఆర్డర్లు, పెట్టుబడులు ఉన్నాయి. షెలెఫ్టియోలో కర్మాగారం కట్టింది. మంచి సెల్స్ అనుకున్న సంఖ్యలో బయటికి రాలేదు. 2024లో బీఎండబ్ల్యూ 200 కోట్ల యూరోల ఆర్డరు రద్దు చేసుకుంది, 2025 మార్చిలో స్వీడన్‌లో సంస్థ దివాలా పిటిషన్ వేసింది. నెవాడాలో టెస్లా గిగాఫ్యాక్టరీ నిలదొక్కుకుందంటే, లోపల సెల్స్ చేసే పని అప్పటికే ఏళ్ల అనుభవమున్న పానాసోనిక్ చేతిలో ఉండటం పెద్ద కారణమని నా అభిప్రాయం. మన దేశంలో కూడా 2021లో కేంద్రం 18,100 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకంతో ఏటా 50 గిగావాట్ అవర్ల సెల్స్ తయారీ సామర్థ్యం లక్ష్యంగా పెట్టుకుంది (ఒక గిగావాట్ అవర్ అంటే పది లక్షల యూనిట్ల కరెంటు). అది అనుకున్న గడువుకు నెరవేరలేదు. మనకు దగ్గరలో చూడాలంటే మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా 16 గిగావాట్ అవర్ల సెల్ ప్లాంటు తలపెట్టింది. కారుకు 50 కిలోవాట్ అవర్ల చొప్పున లెక్కేస్తే ఏటా 3.2 లక్షల కార్లకు సరిపోతుంది.

మా వైపు అందరూ అనే మాట ఒకటుంది: గరివిడి, గర్భాం, కోడూరు చుట్టూ మాంగనీసు ఉంది కదా, ఫ్యాక్టరీ ఇక్కడికి రాక తప్పదు అని. ఈ దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మన జిల్లాలోనే మొదలైంది, ఆ గర్వం నాకూ ఉంది. కానీ ఆ ఖనిజం ఫెర్రో అల్లాయ్స్ (ఉక్కు తయారీలో కలిపే మిశ్రమ లోహాల) కొలిమికి పనికొచ్చినట్టు నేరుగా బ్యాటరీకి పనికిరాదు. ఎంతో శుద్ధిచేసి మాంగనీసు సల్ఫేటుగా మార్చాలి, అది వేరే రసాయన పరిశ్రమ. పైగా చవక కార్లలో ఎక్కువగా వాడే ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్‌లో ఉండేవి ఇనుము, ఫాస్ఫేటు, వాటిలో మాంగనీసు ఉండదు. మనకున్న అసలు బలం విశాఖ ఓడరేవు, పదహారో నంబరు జాతీయ రహదారి.

కంపెనీవాళ్లు మీ భూమి అడిగినప్పుడు నీటి సంగతి, మంటల సంగతి రాతపూర్వకంగా అడగండి. పైడిభీమవరం చుట్టుపక్కల ఊళ్లవారు కందివలస గెడ్డ (వాగు) కాలుష్యం గురించి ఏళ్లుగా చెప్పుకుంటున్న బాధ మీకు తెలిసిందే. 2010లో సోంపేటలో థర్మల్ కరెంటు ప్లాంటుకు బీల (చిత్తడి) భూములు ఇవ్వొద్దన్న పోరాటంలో ప్రాణాలే పోయాయి. ధన ధ్రువం స్లర్రీలో సాధారణంగా వాడే ఎన్‌ఎంపీ ద్రావకం గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. దాన్ని ఆవిరి కాగానే పట్టి తిరిగి వాడే ఏర్పాటు ఉందా, మిగిలినది ఎక్కడికి పోతుంది అని నిలదీయాలి. 2024 జూన్‌లో దక్షిణ కొరియాలోని హ్వాసోంగ్‌లో లిథియం బ్యాటరీల కర్మాగారంలో నిప్పంటుకుని 23 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది వలస కూలీలు. మన జిల్లాల నుంచి ఎంతమంది వలస వెళ్తారో తెలిసినవాడిగా ఆ వార్త నన్ను చాలా రోజులు వదల్లేదు. తయారైన సెల్స్ ఎక్కడ నిల్వ చేస్తారు, మనుషులు బయటపడే దారులు ఎన్ని, ఇవి అడగకుండా సంతకం పెట్టకూడదు.

ఇక ఉద్యోగాలు. సెల్ ప్లాంటులో యంత్రాలే ఎక్కువ. వేలాదిమందికి చేతిపని దొరుకుతుందని ఆశపెట్టుకోవద్దు. లోపల స్థిరమైన పని దొరికేది మెకానికల్, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమావారికి, నాణ్యత పరీక్షల్లో బీఎస్సీ కెమిస్ట్రీవారికి. స్థానికులకు ప్యాకింగ్, ఊడ్పు, కాపలా మాత్రమే మిగలకుండా ఉండాలంటే, పునాది రాయి పడే రోజుకే మన పాలిటెక్నిక్‌ల నుంచి ఒక జట్టు నడుస్తున్న ప్లాంటులో శిక్షణకు వెళ్లి ఉండాలి. కోటింగ్ మీద చేయి కుదరడానికి ఏడాది పైనే పడుతుంది. గ్రామసభలో పరిహారంతో పాటు ఈ షరతు కూడా పెట్టించండి.

మీ అబ్బాయి డిప్లొమా చదువుతున్నాడని రాశారు. బ్రాంచి మార్చనక్కర్లేదు. పీఎల్‌సీ (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంప్యూటర్) ప్రోగ్రామింగ్, సెన్సర్ల క్యాలిబ్రేషన్ గట్టిగా నేర్చుకోమనండి, ఈ ఫ్యాక్టరీ రాకపోయినా అవి పైడిభీమవరం మందుల కంపెనీల్లో కూడా పనికొస్తాయి. వేసవి సెలవుల్లో శిక్షణ కోసం ఎలాంటి ప్లాంట్లకు దరఖాస్తు చేయాలో కావాలంటే కింద అడగండి, చెబుతాను.