ఇంట్లో స్నేహితురాళ్లతో కాక్‌టెయిల్ పార్టీ: లైసెన్సు కావాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తులో అద్దెకుంటున్నాను. వచ్చే నెల నా పుట్టినరోజుకి పదిహేను మంది స్నేహితురాళ్లను పిలిచి రాత్రి కాక్‌టెయిల్ పార్టీ ఇవ్వాలని ఉంది. అందరం బాగా ముస్తాబై, ఫొటోలు దిగి, సరదాగా గడుపుదామని. డ్రింకులు కలపడానికి బార్టెండర్‌ని మాట్లాడుతున్నాం. ఒకామె గోవా నుంచి సీసాలు తెస్తానంటోంది. ఖర్చు తలాకొంత వేసుకుందామనుకున్నాం. హాలు చాలకపోతే టెర్రస్ ఉంది. వచ్చేవాళ్లలో మా పిన్ని కూతురికి పంతొమ్మిదేళ్లే. సంగతి తెలిసి పక్క ఫ్లాట్‌వాళ్లు ‘ఆడవాళ్లు తాగే పార్టీ పెడితే పోలీసులకు ఫోన్ చేస్తాం’ అంటున్నారు. లైసెన్సు తీసుకోవాలా? పోలీసులు లోపలికి రావచ్చా?
- ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు పక్క ఫ్లాట్‌వాళ్ల మాట తేలుద్దాం. తెలంగాణలో చట్టబద్ధంగా కొన్న మద్యాన్ని, తాగే వయసున్నవాళ్లు, సొంత ఇంట్లోనో అద్దె ఇంట్లోనో తాగడం నేరం కాదు. తాగేది ఆడవాళ్లయినంత మాత్రాన చట్టం మారదు. ‘ఆడవాళ్ల పార్టీ’ అనే నేరం ఏ సెక్షన్‌లోనూ లేదు. అయితే మీ ప్రణాళికలో చిక్కులు లేకపోలేదు. అవి తాగడం దగ్గర కాదు, సీసా, డబ్బు, ఫొటో, కారు తాళం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్లేచోట ఉన్నాయి.

అన్నిటికంటే పెద్ద చిక్కు గోవా సీసాలు. మద్యం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని అంశం. ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిదే, ఏ రాష్ట్రం లేబులు ఆ రాష్ట్రానిదే. గోవాలో బిల్లు కట్టి కొన్నా, తెలంగాణ సుంకం కట్టని సీసా ఇక్కడ ఎక్సైజ్‌వాళ్ల భాషలో ‘నాన్ డ్యూటీ పెయిడ్ లిక్కర్’. తెలంగాణ ఎక్సైజ్ చట్టం, 1968 సెక్షన్ 34 కింద కేసు కట్టడానికి అది చాలు. బిల్లు ఉందిగా అనే వాదన ఇక్కడ పనికిరాదు. ఆ బిల్లు చెప్పేది గోవాకు పన్ను కట్టారనే. మిలిటరీ క్యాంటీన్ సీసాలదీ ఇదే కథ. అవి అర్హులైనవారి సొంత వాడకానికి ఇచ్చినవి, వాటిని బయటివాళ్లకు అమ్మడం నేరం. విదేశం నుంచి వచ్చేవాళ్లు సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది మనిషికి 2 లీటర్లు. అలాంటి సీసా మీ బల్ల మీద ఉంటే, తెచ్చినామె డ్యూటీ ఫ్రీ రసీదు కూడా మీ దగ్గర ఉండాలి.

కాబట్టి మొత్తం సరుకు ఇక్కడి లైసెన్సున్న ఏ4 దుకాణంలోనే (మనం వైన్స్ అనేది) కొనండి. ప్రతి సీసా మూత మీద ఎక్సైజ్ హోలోగ్రామ్ లేబులు ఉందో లేదో చూసుకోండి. బిల్లు అడిగి తీసుకుని ఫోన్‌లో ఫొటో పెట్టుకోండి. వైన్స్‌లో బిల్లు అడగడానికి మనవాళ్లకు ఎందుకో మొహమాటం. రేపు ఎవరైనా తలుపు తడితే ముందు అడిగేది అదే.

ఎంత కొనాలనేదీ న్యాయపరమైన ప్రశ్నే. ఒక వ్యక్తి దగ్గర ఉంచుకోగల మద్యానికి ప్రభుత్వం గరిష్ఠ పరిమితి పెడుతుంది. స్పిరిట్లకు (విస్కీ, జిన్, రమ్ లాంటి ఘాటు మద్యాలకు) ఒకటి, బీరుకు ఒకటి. నోటిఫికేషన్లతో మారుతుంటుంది గనుక కొనేముందు మీ ప్రాంతపు ఎక్సైజ్ స్టేషన్‌లో కనుక్కోండి. చాలామంది భయపడి అవసరానికి మూడింతలు కొంటారు. లెక్క వేయండి: మీ పిన్ని కూతురిని తీసేస్తే తాగేవాళ్లు మీతో కలిపి 15 మంది. ఒక కాక్‌టెయిల్‌లో 45 మిల్లీలీటర్ల స్పిరిట్, మనిషికి మూడు గ్లాసులు అనుకుంటే 2,025 మిల్లీలీటర్లు. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు మూడు. రకరకాల కాక్‌టెయిళ్ల పేరుతో జిన్, వోడ్కా, రమ్, టెకీలా, లిక్యూర్లు (తీపి మద్యాలు) ఒక్కొక్కటీ తెరిస్తే సీసాల సంఖ్య పెరుగుతుంది, అన్నిట్లోనూ సగం మిగులుతుంది. ఇంట్లో ముందే ఉన్న సీసాలు కూడా లెక్కలోకి వస్తాయి. రెండు స్పిరిట్లతో నాలుగు కాక్‌టెయిళ్లు పెట్టుకోండి, మిగతా ఆడంబరం గ్లాసుల్లో, అలంకరణలో చూపించండి. పండ్లు పులియబెట్టి ఇంట్లోనే వైన్ చేద్దామని ఎవరైనా ఉత్సాహపడితే వారించండి. లైసెన్సు లేకుండా అది మద్యం తయారీ అవుతుంది.

డబ్బు సంగతి. స్నేహితురాళ్లు కలిసి కొనుక్కుని కలిసి తాగడం ఒకటి, మనిషికింత అని రుసుము పెట్టి పోయడం ఇంకొకటి. రెండోది లైసెన్సు లేని అమ్మకం అనే ఆరోపణకు దారి తీస్తుంది. ‘ఎంట్రీ’, ‘టికెట్’, ‘అన్‌లిమిటెడ్ డ్రింక్స్’ లాంటి మాటలు వాట్సాప్ ఆహ్వానంలో ఉంటే ఆ ఆరోపణకు మీరే సాక్ష్యం రాసిచ్చినట్టు. నా సలహా: మద్యం మీ ఖర్చుతో మీరే కొనండి. భోజనం, పూలు, ఫొటోగ్రాఫర్, కేకు మిగతావాళ్లు పంచుకోనివ్వండి. స్నేహితురాలి స్నేహితురాలంటూ ముఖం తెలియనివాళ్లను చేర్చుకోకండి. అతిథులు మీకు వ్యక్తిగతంగా తెలిసినవాళ్లు కావడమే ఇది ఇంటి విందు అనడానికి బలం.

బార్టెండర్ దగ్గర కూడా ఇదే మెలిక. ‘మద్యంతో సహా మనిషికింత’ అని ప్యాకేజీ చెప్పేవాళ్లుంటారు. ఒప్పుకోకండి. అతను లైసెన్సు లేకుండా అమ్ముతున్నాడు, అమ్మకం జరుగుతున్నది మీ ఇంట్లో. కలిపి ఇచ్చే పనికి మాత్రమే కూలి, సీసాలు మీవి అని మెసేజ్‌లోనైనా రాయించుకోండి. అతని ఆధార్ కాపీ ఒకటి ఉంచుకోండి. పోసిన గ్లాసు గమనించకుండా వదిలేయవద్దని అతిథులకూ చెప్పండి. పానీయంలో మత్తుమందు కలపడం భారతీయ న్యాయ సంహిత (కొత్త శిక్షాస్మృతి) సెక్షన్ 123 కింద పదేళ్ల వరకు జైలు పడే నేరం, కానీ కేసు కన్నా జాగ్రత్త నయం. ఆడ బార్టెండర్‌ను పెట్టుకోవచ్చా అని ఎవరైనా అంటే నిరభ్యంతరంగా అనండి. మద్యం వడ్డించేచోట స్త్రీలు పనిచేయరాదన్న పంజాబ్ ఎక్సైజ్ చట్టంలోని నిబంధనను 2007లో అనూజ్ గార్గ్ కేసులో సుప్రీంకోర్టు చెల్లదంది. పొగలు కక్కే డ్రింకుల కోసం డ్రై ఐస్ తెస్తే ముక్క గ్లాసులో ఉండగా ఎవరికీ ఇవ్వనివ్వకండి. మింగితే లోపల కాలుతుంది, అప్పుడు నిర్లక్ష్యం కేసు మీ మీదకూ రావచ్చు.

టెర్రస్ వద్దు. అది అందరి ఉమ్మడి స్థలం, మీ ఇల్లు కాదు. ‘సొంత ఇంట్లో’ అన్న మీ వాదన మెట్లెక్కగానే పోతుంది. అక్కడైనా, క్లబ్‌హౌస్‌లోనైనా మద్యం పోయాలంటే అసోసియేషన్ రాతపూర్వక అనుమతి, ఎక్సైజ్ శాఖ ఈవెంట్ పర్మిట్ రెండూ తీసుకోవాలి. మీ హాలు వరకు, తెలిసినవాళ్లకు, ఉచితంగా, పరిమితిలోపు అయితే ఇబ్బంది ఉండకూడదు. మద్యం పరిమితి దాటేలా ఉన్నా, ఈవెంట్ మేనేజర్ చేతికి అప్పగించినా పర్మిట్‌కు ముందుగానే దరఖాస్తు చేయండి. అద్దె ఒప్పందంలో మద్యం గురించీ, పార్టీల గురించీ షరతు ఉందేమో కూడా చదవండి. ఉంటే అది నేరం కాకపోయినా ఇల్లు ఖాళీ చేయమనడానికి యజమానికి సాకు.

మీ పిన్ని కూతురికి మాక్‌టెయిలే. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి లైసెన్సుదారు మద్యం అమ్మకూడదు. ఆమె చేతిలో గ్లాసుతో ఫొటో బయటపడితే పిన్నికి జవాబు చెప్పుకోవడం చట్టానికి చెప్పుకోవడం కన్నా కష్టం. వయసు 18 లోపైతే విషయం పూర్తిగా వేరు. పిల్లలకు మద్యం ఇచ్చినవారికి బాలల న్యాయ చట్టం, 2015 సెక్షన్ 77 కింద ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. చాలామందికి తెలియనిది దాని పక్కనే ఉన్న సెక్షన్ 78: పిల్లల చేత మద్యం మోయించినా, సరఫరా చేయించినా అదే శిక్ష. పనిమనిషి కూతురిని ట్రే పట్టుకుని తిరగమనడం, వాచ్‌మన్ కొడుకును సీసా కోసం పంపడం మన ఇళ్లలో ఎవరూ తప్పనుకోరు. అది ఏడేళ్ల సెక్షన్.

ఇక ఇంటికి వెళ్లే వేళ. అతిథి తాగి ప్రమాదం చేస్తే విందు ఇచ్చినవారిదే బాధ్యత అని ప్రత్యేకంగా చెప్పే చట్టం మన దేశంలో లేదు. అలాగని నిశ్చింతగా ఉండకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే రెండేళ్లు, పదిహేను వేలు. సెక్షన్ 188 ఆ నేరానికి ప్రోత్సహించినవారికీ అదే శిక్ష అంటుంది. తూలుతున్న స్నేహితురాలి చేతిలో తాళం పెట్టి ‘ఏం కాదులేవే, దగ్గరేగా’ అనడం, ఆమెకు మీ కారే ఇచ్చి పంపడం ఈ సెక్షన్‌కు చాలా దగ్గరగా వస్తాయి. పైగా తాగి నడిపినప్పుడు సొంత కారు నష్టానికి ఇన్సూరెన్స్ కంపెనీ చెల్లించనంటుంది.

పని చేసే పద్ధతి ఇది: వచ్చిన వెంటనే, ఇంకా ఎవరూ తాగకముందే కారు తాళాలన్నీ ఒక పెట్టెలో వేయించి, తాగని ఒకరికి అప్పగించండి. మీ పిన్ని కూతురు అందుకు సరిగ్గా సరిపోతుంది. మొదటి గ్లాసు తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు. వెళ్లేటప్పుడు క్యాబ్‌లు, వాహనం నంబరు గ్రూప్‌లో. లేదా రాత్రికి అక్కడే పడక. రెండు గంటలకు ఆపి ఆరింటికి లేచి ‘నిద్రపోయాంగా’ అని బండి తీసేవాళ్లుంటారు. నిద్ర వల్ల ఆల్కహాల్ దిగదు, గంటలు గడవాలి. ఎవరైనా పిలిస్తే పలక్కుండా, ఊపిరి నెమ్మదించి పడి ఉంటే పరువు చూసుకోకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

ఫొటోల విషయంలో ఆడవాళ్ల మధ్య ఏముందిలే అనుకోకండి. పాత శిక్షాస్మృతిలోని 354సి సెక్షన్‌లో ముద్దాయి ‘పురుషుడు’ అని ఉండేది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77లో ‘ఎవరైనా’ అని మారింది. స్త్రీ ఏకాంతంలో ఉన్నప్పుడు, బట్టలు మార్చుకునేటప్పుడు ఫొటో తీసిన స్నేహితురాలు కూడా ఇప్పుడు ముద్దాయి కావచ్చు. తొలి నేరానికే ఏడాదికి తగ్గని, మూడేళ్ల వరకు జైలు. తీయడానికి ఒప్పుకుని, పంచడానికి ఒప్పుకోకపోయినా పంచితే నేరమే. ముస్తాబయ్యే గదిలోకి ఫోన్లు వద్దని ముందే చెప్పండి. హాల్లో సీసీ కెమెరా ఉంటే ఆ రాత్రికి ఆపేయండి, లేదా ఉందని అందరికీ చెప్పండి. ఫొటోగ్రాఫర్‌తో ఒప్పందంలో ‘అనుమతి లేకుండా తన పేజీలో పెట్టరాదు’ అనే వాక్యం రాయించండి. గ్లాసు పట్టుకున్న ఫొటో మీకు సరదా, ఉద్యోగంలోనో విడాకుల కేసులోనో ఉన్న ఇంకొకరికి చిక్కు. పెట్టేముందు ఫొటోలో ఉన్న ప్రతి ఒక్కరినీ అడగాలి.

నగల గురించి ఒక్క మాట. ‘ఈ నెక్లెస్ కాస్త దాచవే’ అని చేతికిస్తే, కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 151 ప్రకారం సొంత వస్తువుపై మామూలు మనిషి చూపే శ్రద్ధ మీరు దానిపై చూపాలి. తీసుకుంటే బీరువాలో పెట్టి తాళం వేయండి, లేదా తీసుకోకండి.

శబ్దమే మీ పక్కింటివారికి నిజంగా దొరికే ఆయుధం. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. మామూలు మాటలే దాదాపు 60 ఉంటాయి కాబట్టి తలుపులు తెరిచి పాటలు పెడితే దాటిపోయినట్టే. పదికి ముందే బాల్కనీ తలుపులు మూసి, స్పీకరును పక్క ఫ్లాట్ గోడకు దూరంగా జరిపి, బేస్ తగ్గించండి.

పోలీసులు వస్తే తలుపు తీసి మర్యాదగా మాట్లాడేది తాగని వ్యక్తి అయి ఉండాలి. శబ్దం మీద ఫిర్యాదైతే తగ్గించి క్షమాపణ చెబితే చాలాసార్లు అక్కడితో అయిపోతుంది. ఎక్సైజ్ నేరం జరుగుతోందని నమ్మే కారణం ఉంటే అధికారులు వారెంటు లేకుండా కూడా సోదా చేయగలరు. అడ్డుపడి కొత్త కేసు తెచ్చుకోకండి. అయితే నాగరిక్ సురక్షా సంహిత (సోదా, అరెస్టుల పద్ధతి చెప్పే చట్టం) మీకు ఇచ్చినవి అడగండి: సోదాకు, జప్తుకు వీడియో రికార్డింగ్ (సెక్షన్ 105), ఒంటి మీద వెతకాలంటే మహిళే వెతకడం (సెక్షన్ 49), సూర్యాస్తమయం తర్వాత స్త్రీ అరెస్టు తప్పనిసరి పరిస్థితుల్లోనే, అదీ మహిళా అధికారి ద్వారా, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతితో (సెక్షన్ 43). చదవకుండా పంచనామా మీద సంతకం పెట్టకండి. మాదకద్రవ్యం ఏదైనా దొరికితే ఈ సౌమ్యం ఏదీ ఉండదు. తెలిసి ఇంట్లో వాడనిస్తే ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 25 ప్రకారం ఇంట్లో ఉంటున్న మీరూ ముద్దాయే. ఎవరి బ్యాగులోనైనా ఉందని తెలిస్తే ఆమెను ఆ క్షణమే పంపించేయండి.

తేదీ ఖరారు చేసేముందు ఎన్నికల షెడ్యూలు చూడండి. లోక్‌సభకో శాసనసభకో మీ నియోజకవర్గంలో పోలింగ్ ఉంటే, అది ముగిసే వేళకు ముందు 48 గంటలు ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 135సి మద్యం అమ్మడాన్నే కాదు, ‘ఇవ్వడాన్నీ’ నిషేధిస్తుంది, ప్రైవేటు స్థలంలోనైనా సరే. ఆ రెండు రోజుల్లో మీ పుట్టినరోజు పడితే పార్టీని తర్వాతి వారానికి జరపండి.