మీ నాన్న గురించి రాసేటప్పుడు

మేనకోడలికి ప్రభువు నామంలో అత్తయ్య దీవెనలు.

నాన్న పోయాక పెట్టుకున్న ఆదరణ కూడికలో చదవడానికి నువ్వు రాసిన నాన్న జీవిత చరిత్ర అందింది. రెండుసార్లు చదివాను. క్రమశిక్షణ, సేవాభావం, భక్తి, నిరాడంబరత అన్నావు, అన్నీ నిజమే. కానీ పేరు మారిస్తే ఆ కాగితం మన సంఘంలో ఏ పెద్దమనిషికైనా సరిపోతుంది. నా తమ్ముడు అందులో నాకు కనబడలేదమ్మా.

మిషనరీలు బౌడెన్, బీర్ దొరలు నరసాపురం వచ్చిన దగ్గర్నుంచి మొదలుపెట్టావు. అది సంఘ చరిత్ర, అక్కడ కూర్చునే వాళ్ళందరికీ తెలుసు. తీసెయ్యి.

ముందు వాడి ట్రంకుపెట్టె తెరువు. డిశ్చార్జి పుస్తకం అడుగున ఉంటుంది. పట్టాళంలో చేరిన తేదీ, యూనిట్, బయటికొచ్చిన తేదీ అందులోంచే తీసుకో. 1971లో ఢాకా దాకా వెళ్ళాడని రాశావు. ఆ యుద్ధంలో తూర్పున పనిచేసిన వాళ్ళకి పూర్వీ స్టార్, పడమర పనిచేసిన వాళ్ళకి పశ్చిమీ స్టార్ ఇచ్చారు. నాన్న పెట్టెలో ఉన్నది పశ్చిమీ స్టార్. ఇంకో మాజీ సైనికుడి గురించి నేనూ ఒకసారి ఇలాగే విన్నమాట పట్టుకుని తప్పు చదివాను. కూడిక అయ్యాక ఆయనతో పనిచేసినాయన నన్ను పక్కకి పిలిచి మెల్లగా చెప్పాడు. ఆ ఇంటివాళ్ళ ముఖం చూడలేకపోయాను. యుద్ధం సంగతులు నాన్న ఇంట్లో మాట్లాడలేదు కదా, "మాకు చెప్పలేదు" అనే రాయి. అక్కడ కథ అల్లకు.

తరవాత పంటు పడవ మీద ఏరు దాటి, వాడు పాఠాలు చెప్పిన లంక ఊరికి వెళ్ళు. సర్వీస్ రిజిస్టరులో బదిలీల తేదీలు తప్ప ఏమీ దొరకవు. పాత విద్యార్థులని "మాస్టారు ఎలాంటి వారు" అని అడగకు, "దేవుడండీ" అనేసి ఊరుకుంటారు. ఎందుకు తిట్టేవారు, మీ ఇంటికి ఎప్పుడు వచ్చారు అని అడుగు. పిల్లాడు రెండు రోజులు బడికి రాకపోతే మూడో రోజు మాస్టారి సైకిలు వాళ్ళ గుమ్మం ముందు ఉండేదని వాళ్ళే చెబుతారు. 1986 ఆగస్టు వరదలో హాజరుపట్టీ చంకలో పెట్టుకుని, ఏ పిల్లాడు ఏ గట్టు మీద తలదాచుకున్నాడో వెతుక్కుంటూ తిరిగాడు. ఇంటికి వచ్చాక బట్టలు మార్చుకోకుండా అరుగు మీద కూర్చుని పేర్ల పక్కన టిక్కులు పెట్టడం నేను చూశాను. ఇద్దరి పేర్ల దగ్గర ఆగి, మళ్ళీ లేచి వెళ్ళాడు. ఆ ఇద్దరూ మర్నాడు దొరికారు.

ఆరాధనలో వాడు ఎప్పుడూ గుమ్మం పక్కన చివరి బెంచీలో కూర్చునేవాడు. తగ్గింపు అని నువ్వు రాశావు. ఎవరు రాలేదో లెక్క చూసుకునేవాడమ్మా. ఆరాధన అవగానే వాళ్ళ ఇంటికి వెళ్ళేవాడు. ఆదివారం అన్నం చల్లారిపోయేదని మీ అమ్మ ఎన్నిసార్లు గొడవపడిందో అమ్మనే అడిగి రాయి. పట్టాళంలో పొద్దునా సాయంత్రం రోల్ కాల్ జరిగేదట. వాడికి ఆ అలవాటు అక్కడ పట్టింది, చివరిదాకా పోలేదు. సైన్యం, బడి, సంఘం అని విడివిడిగా మూడు పేజీలు చేశావు కదా, ఈ సంగతి పట్టుకుంటే మూడూ వాటంతటవే కలుస్తాయి.

వాడి కోపం దాచకు. బెత్తం వాడేవాడు. ఒక కుర్రాణ్ణి అన్యాయంగా కొట్టానని తెలిసి, తరగతి అందరి ముందూ క్షమాపణ అడిగాడు. రెండూ రాయి.

వాడి బైబిల్లో కీర్తనల గ్రంథం అంచుల్లో పెన్సిలుతో పేర్లు ఉంటాయి. అవి మాత్రం చదవకు. వాళ్ళ కష్టాలు వాడు ప్రభువుకి చెప్పుకున్నాడు, కూడికలో మనం చెప్పకూడదు.

ఆరు నిమిషాలు మించనివ్వకు. శనివారం సాయంత్రానికి వస్తాను, రాసింది నాకు పైకి చదివి వినిపించు. కూడిక రోజు నీ పక్కనే కూర్చుంటాను. గొంతు పూడుకుపోతే కాగితం నా చేతికివ్వు, మిగతాది నేను చదువుతాను.

మీ అత్తయ్య