స్టేడియం గీస్తానంటున్న అమ్మాయికి సివిలా, ఆర్కిటెక్చరా?

ప్రశ్న: మాది హన్మకొండ. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. అమెరికా బేస్‌బాల్ స్టేడియాల వీడియోలు చూసి, తానూ అలాంటివి డిజైన్ చేస్తానంటోంది. నోటు పుస్తకాల నిండా గ్యాలరీల బొమ్మలే. ఇంటి దగ్గరే ఎన్ఐటీ ఉంది, సివిల్ చదవమంటే వినడం లేదు. ఈ దారిలో బతుకుదెరువు ఉంటుందా? టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి

జవాబు: ముందు మీ అమ్మాయి పక్కన కూర్చుని ఆ బొమ్మలు చూడండి. ఏం గీస్తోందన్న దాన్ని బట్టే కోర్సు తేలుతుంది.

క్రికెట్‌లో పిచ్ మధ్యలో ఉంటుంది కాబట్టి గ్యాలరీ గుండ్రంగా తిరుగుతుంది. బేస్‌బాల్‌లో బ్యాటర్ ఒక మూల నిలబడతాడు, మైదానం అక్కడి నుంచి విసనకర్రలా విచ్చుకుంటుంది. పరుగు తీసేవాడు తాకుతూ వెళ్లే గుర్తులను బేస్‌లంటారు; బేస్‌కూ బేస్‌కూ దూరం ఎక్కడైనా 90 అడుగులే. అవుట్‌ఫీల్డ్ (బేస్‌ల అవతలి మైదానం) చివరి గోడ మాత్రం ఒక్కో ఊళ్లో ఒక్కో తీరు. బోస్టన్ ఫెన్‌వే పార్కులో ఎడమ గోడ వెనకే వీధి ఉంది, జాగా లేదు. అందుకే ఆ గోడ 37 అడుగుల ఎత్తు. బాల్టిమోర్‌లో 1992లో తెరిచిన కామ్‌డెన్ యార్డ్స్‌లో పాత రైల్వే గోదామును కూల్చకుండా మైదానానికి అందంగా మలిచారు. బ్యాటర్ కళ్లలో ఎండ పడకుండా మైదానం ఏ దిక్కుకు తిరిగి ఉంటే మంచిదో ఆట నియమావళిలోనే రాసి ఉంది. ఇలాంటివి ఆలోచించేది ఆర్కిటెక్ట్.

టెక్సాస్‌లో 2020లో మొదలైన గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌కు తెరుచుకునే పైకప్పు ఉంది. మైదానం మధ్యలో స్తంభం లేకుండా అంత బరువును నిలబెట్టడం, గాలికి కదలకుండా చూడడం స్ట్రక్చరల్ ఇంజినీర్ పని. అమ్మాయి మనసు అటు ఉంటే మీరన్నట్టు సివిలే చదివించండి, తర్వాత స్ట్రక్చర్స్‌లో ఎంటెక్. జనం ఎలా కూర్చుంటారు, ఎటు నుంచి వస్తారు అని గీస్తుంటే ఐదేళ్ల బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) సరైనది. విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)కు జేఈఈ మెయిన్‌లో బీఆర్క్ కోసం పెట్టే పేపర్ 2ఏ, హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)కు నాటా అనే ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఎన్ఐటీ దగ్గర్లో ఉందన్న ఒక్క కారణంతో సివిల్‌లో వేయకండి.

ఒక ఆదివారం ఆమెను టేపుతో మీ ఊళ్లోని జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం)కు తీసుకెళ్లండి. మెట్టు ఎత్తు, వెడల్పు కొలిచి, ఏ వరుస నుంచి మైదానం అంచు కనిపిస్తుందో గీయమనండి. ముందువాళ్ల కంటికి దాదాపు 90 మిల్లీమీటర్లు పై నుంచి మన చూపు వెళ్తే ఆట బాగా కనిపిస్తుందని డిజైనర్ల లెక్క. ఆ లెక్కలో గంటలు గడిపితే ఇష్టం గట్టిదే.

బతుకుదెరువు సంగతి. స్టేడియాలు మాత్రమే చేసే ఆఫీసులు తక్కువ. మొదట్లో ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, ఫంక్షన్ హాళ్లే చేయాల్సి వస్తుంది, అది తనకు ఇప్పుడే చెప్పండి. కానీ అహ్మదాబాద్‌లోని 1,32,000 సీట్ల నరేంద్ర మోదీ స్టేడియాన్ని డిజైన్ చేసిన పాపులస్ సంస్థే కామ్‌డెన్ యార్డ్స్‌నూ డిజైన్ చేసింది, అప్పట్లో దాని పేరు వేరు. అంటే ఈ విద్య మన దేశానికీ పనికొచ్చేదే.

జేఈఈ మెయిన్ దరఖాస్తులో పేపర్ 1 (ఇంజినీరింగ్)తో పాటు 2ఏ కూడా పెట్టించండి. రెండు ఫలితాలూ చేతికొచ్చాక కూర్చుని మాట్లాడుకోవచ్చు.