రంజాన్ నెలకు డ్యూటీలు వేసే ముందు

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

టీమ్ బాధ్యత చేతికొచ్చిన మొదటి ఏడాదే రంజాన్ వస్తోంది, డ్యూటీలు ఎలా వేయాలో తోచడం లేదని రాశావు. నెల మొదలవకముందే రోజా (ఉపవాసం) ఉండేవాళ్లను ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, ఏ వేళలు అనుకూలమో అడుగు. నీ అంతట నువ్వే జాలిపడి పని తగ్గించకు. మంచి పని చేజారిందని నొచ్చుకుంటారు.

వాళ్లు తెల్లవారకముందే లేచి సహరీ తింటారు. అక్కణ్ణుంచి సూర్యాస్తమయం దాకా మంచినీళ్లు కూడా ముట్టరు. రాత్రి తరావీ నమాజు ముగిసేసరికి బాగా పొద్దుపోతుంది. నన్నడిగితే ఆకలి కన్నా నిద్ర చాలకపోవడమే ఎక్కువ ఇబ్బంది. అందుకే బుర్రపెట్టాల్సిన పనులూ మీటింగులూ ఉదయమే పెట్టుకో. భోజన విరామం వదులుకుని ముందుగా ఇంటికెళ్తామంటే, రూల్సు ఒప్పుకుంటే పంపించు. కొందరు ఆ వేళ నమాజు చేసుకుని కాస్త కునుకు తీస్తారు, వాళ్ల విరామం జోలికి పోకు.

అసలు చిక్కు సూర్యాస్తమయానికి రోజా విడిచే ఇఫ్తార్ దగ్గర. ఆ కాసేపు ఎవరి సీటు ఎవరు చూస్తారో ముందే రాసిపెట్టు. చేతిలో ఖర్జూరం, చెవిలో కస్టమర్ ఫోను, కళ్లు గడియారం మీద... ఆ అవస్థ ఎవరికీ రానివ్వకు. సూర్యాస్తమయం రోజూ కాస్త అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి నెలంతటికీ ఒకే టైము రాస్తే కుదరదు.

ఆ బరువు మిగతావాళ్లలో ఒక్కడి నెత్తినే రుద్దకు, వంతులు వెయ్యి. యూఏఈలో అయితే ప్రైవేటు ఉద్యోగులందరికీ, మతంతో పనిలేకుండా, ఈ నెలంతా రోజుకు 2 గంటల పని తగ్గిస్తారు. నీకంత అధికారం ఎక్కడిదిలే!

ఇంకోటి. జబ్బుపడ్డవాళ్లకూ ప్రయాణంలో ఉన్నవాళ్లకూ రోజా నుంచి మినహాయింపు ఉంది. నెలసరి రోజుల్లో ఆడవాళ్లు రోజా ఉండరు. ఎవరైనా నీళ్లు తాగుతూ కనిపిస్తే "ఇవాళ రోజా లేదా?" అని నోరు జారకు.

చివరి పది రాత్రులు వాళ్లకు చాలా ముఖ్యం, వీలైతే నైట్ షిఫ్టు తప్పించు. నెల 29 రోజులో 30 రోజులో నెలవంకను బట్టి తేలుతుంది. కాబట్టి ఈద్ సెలవుకు రెండు తేదీలూ ఖాళీ ఉంచు, ముందురోజు రాత్రి ఖాయం చేసుకోవచ్చు.

రోస్టర్ తయారయ్యాక పైవాళ్లకు పంపేముందు ఒకసారి రోజా ఉండేవాళ్లకు చూపించు.

ఇట్లు,
మామయ్య