కొత్తదాని ధరలో మూడో వంతుకే వస్తోందని పాత పెల్లెట్ స్టవ్ కొనవచ్చా?

ప్రశ్న: మేం ఇంట్లో నలుగురం. చలికాలమంతా గదుల్లో కరెంటు హీటర్లే వాడుతున్నాం. బిల్లు భరించడం కష్టంగా ఉంది. తెలిసినవాళ్లు ఇల్లు మారుతూ, తొమ్మిదేళ్లు వాడిన పెల్లెట్ స్టవ్ (రంపపు పొట్టు గుళికలను కాల్చి గదిని వేడి చేసేది) అమ్ముతామన్నారు. కొత్తదాని ధరలో మూడో వంతే అడుగుతున్నారు. ఇప్పటికే దాన్ని విప్పి గ్యారేజీలో పెట్టారు. మా దగ్గర ఆరు నెలల ఖర్చులకు సరిపడే అత్యవసర నిధి ఉంది. అందులోంచి తీసి కొనేద్దాం, రెండేళ్లలో డబ్బు వెనక్కి వచ్చేస్తుంది అంటున్నారు మావారు. కొనమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీవారి ఆలోచనలో నిజముంది. కరెంటు హీటర్లతో ఇల్లు వెచ్చబెట్టుకునేవాళ్లకు పెల్లెట్ స్టవ్ వల్ల డబ్బు మిగిలే అవకాశం బాగానే ఉంటుంది. కాకపోతే మీరిద్దరూ లెక్కను స్టవ్ ధర దగ్గర మొదలుపెట్టారు. కొత్తదాని ధరలో మూడో వంతా, సగమా అన్నది అమ్మేవాళ్లు చూసుకునే కొలత. మీకు కావలసింది ఈ స్టవ్ ఒక చలికాలంలో ఎంత మిగులుస్తుందన్నది. అది తెలిస్తే ఎంతకు కొనవచ్చో మీరే చెప్పగలరు. అది తెలియకుండా ఏ ధరైనా చవగ్గానే కనిపిస్తుంది.

ముందు పాత కరెంటు బిల్లులు తీయండి. హీటర్లు, ఏసీలు ఏవీ వాడని నెలల్లో సగటున ఎన్ని యూనిట్లు కాలాయో చూడండి. చలికాలపు నెలల వాడకంలోంచి ఆ సగటును తీసేస్తే మిగిలేవి వెచ్చదనం కోసం ఖర్చయిన యూనిట్లు. లెక్క అర్థం కావడానికి మీ ఇంట్లో అది 6,000 యూనిట్లు అనుకుందాం. స్టవ్ తానున్న గదినీ, దానికి ఆనుకున్న గదులనూ బాగా వేడి చేస్తుంది. తలుపు వేసిన పడకగదిదాకా ఆ వేడి సరిగా రాదు. అందుకని మూడింట రెండు వంతులు, అంటే 4,000 యూనిట్ల పనే అది చేస్తుందని పెట్టుకుందాం. మిగతాది హీటర్లే చేయాలి.

రంపపు పొట్టును గట్టిగా నొక్కి చేసే ఈ పెల్లెట్లలో, మంచి రకమైతే, కిలోకు సుమారు 4.8 యూనిట్ల వేడి ఉంటుంది. అందులో కొంత పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. మీది తొమ్మిదేళ్ల స్టవ్ కాబట్టి 75 శాతం గదికి చేరుతుందని అనుకోండి, అంతకంటే ఆశపడవద్దు. అంటే కిలోకు 3.6 యూనిట్లు. 4,000 యూనిట్ల వేడికి సుమారు 1,100 కిలోల పెల్లెట్లు కావాలి. 15 కిలోల బస్తాలైతే 74. ఇక స్టవ్‌లోని ఫ్యాన్లు, మోటారు, నిప్పంటించే ఇగ్నైటర్ కరెంటుతోనే నడుస్తాయి. మామూలు వాడకంలో నెలకు సుమారు 100 యూనిట్లవుతుందని అమెరికా ఇంధన శాఖ అంచనా. చలికాలం ఐదు నెలలనుకుంటే 500. కాబట్టి మీ బిల్లులో నికరంగా తగ్గేది 3,500 యూనిట్లు.

3,500 యూనిట్ల కరెంటు ఖర్చు పోయి, దాని బదులు 1,100 కిలోల పెల్లెట్ల ఖర్చు వస్తుంది. కిలో పెల్లెట్ల ధర 3.2 యూనిట్ల కరెంటు ధరకు సమానమైతే మీకు మిగిలేది సున్నా. మూడు యూనిట్ల దగ్గరుంటే ఆ స్టవ్ ఊరికే ఇచ్చినా తీసుకోకండి. రెండు యూనిట్లు, అంతకంటే తక్కువ అయితేనే ఈ బేరం గురించి ఆలోచించడం దండగ కాదు. సరిగ్గా రెండు దగ్గర మీకు చలికాలానికి 1,300 యూనిట్ల ధర మిగులుతుంది. పెల్లెట్ల ధర అడిగేటప్పుడు ఇంటిదాకా చేర్చే ఖర్చు కూడా కలిపి చెప్పమనండి.

అదే మీ ఇంట్లో మామూలు హీటర్ల బదులు హీట్ పంపు ఉండి ఉంటే వద్దని ఒక్క మాటలో చెప్పేసేవాళ్లం. ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల దాకా వేడినిచ్చే యంత్రంతో పెల్లెట్లు పోటీ పడాలంటే కిలో ధర ముప్పావు యూనిట్ కంటే తక్కువ ఉండాలి.

ఇప్పుడు స్టవ్ ధరకు వద్దాం. ఏటా వచ్చే మిగులులోంచి ఏడాదికోసారి చేయించాల్సిన సర్వీసు, పొగగొట్టం శుభ్రం చేయించే ఖర్చు తీసేయండి. మిగిలినదాన్ని మూడుతో హెచ్చించండి. తొమ్మిదేళ్ల స్టవ్ మరో పదేళ్లు నడవనూవచ్చు, కానీ నడుస్తుందని నమ్మి డబ్బు పెట్టదగిన కాలం మూడు చలికాలాలకు మించదని నా అభిప్రాయం. ఆ మూడేళ్ల మిగులులోంచి రవాణా, కొత్త పొగగొట్టం, బిగించే పనివాళ్ల ఖర్చు, కొత్త ఇగ్నైటర్, తలుపు చుట్టూ ఉండే సీలు ఖర్చు తీసేయండి. చివరికి మిగిలిందే మీరు ఇవ్వదగిన గరిష్ఠ ధర. చాలా ఇళ్లలో ఈ లెక్క వేశాక స్టవ్ ధర కంటే గొట్టం, బిగింపు ఖర్చే ఎక్కువని తేలుతుంది. అందుకే వాటికి ముందుగా కొటేషన్ తీసుకోండి, ఆ తర్వాతే స్టవ్ బేరమాడండి. పాత గొట్టం కూడా ఇస్తామంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. అతుకుల దగ్గర గాలి చొరబడని కొత్త గొట్టమే వేయించాలి. ఇందులో పొదుపు చేయమని ఎవరు చెప్పినా వినకండి, ఇంట్లో పిల్లలూ పెద్దలూ నిద్రపోయే వేళ కూడా ఆ గొట్టంలోంచి పొగ పోతూనే ఉంటుంది.

మీ ఉత్తరంలో నన్ను బాగా ఆలోచింపజేసింది స్టవ్‌ను ఇప్పటికే విప్పేశారన్న మాట. పాత పెల్లెట్ స్టవ్‌ను చల్లగా ఉన్నప్పుడు వెలిగించి, మంట నిలకడగా కాలడం కళ్లారా చూసి కొనాలి. ఆ అవకాశం మీకు పోయింది. కనీసం ఆ రకం స్టవ్‌లు బాగుచేసే టెక్నీషియన్‌కు ఫీజు ఇచ్చి తీసుకెళ్లండి. కరెంటు పెట్టి ఫ్యాన్లు చప్పుడు లేకుండా తిరుగుతున్నాయా, పెల్లెట్లను మంట దగ్గరికి తోసే మర ఆగి ఆగి కాకుండా సాఫీగా కదులుతోందా, ఇగ్నైటర్ ఎర్రబడుతోందా చూడమనండి. మూసిన గ్యారేజీలో మాత్రం వెలిగించనివ్వకండి, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది. మంట కాలే గిన్నె వంకరపోయిందా, అడుగు తినేసిందా అన్నది మీరే చూడవచ్చు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి, అది తేలిగ్గా వచ్చేస్తే సీలు పోయినట్టే. లోపల బూడిద తీయకుండా వదిలేసి ఉంటే ఆ బూడిద తేమ పీల్చుకుని ఇనుమును తినేస్తుంది. తుప్పు ఎక్కువగా కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి.

స్టవ్ వెనకున్న పలక మీద కంపెనీ, మోడల్, తయారీ సంవత్సరం, భద్రతా ధ్రువీకరణ రాసి ఉంటాయి. దాన్ని ఫోటో తీసి మూడు చోట్ల చూపించాలి. విడిభాగాలు అమ్మేవాళ్లను ఈ మోడల్ కంట్రోల్ బోర్డు (స్టవ్ మొత్తాన్ని నడిపించే ఎలక్ట్రానిక్ పలక) ఇప్పటికీ దొరుకుతుందా అని అడగండి. ఇగ్నైటర్, ఫ్యాను పోతే మార్చుకోవచ్చు. బోర్డు పోయి కొత్తది దొరకకపోతే మిగిలేది ఇనుప పెట్టె. ఇంటి బీమా కంపెనీకి చూపించి, ఈ స్టవ్ బిగిస్తే పాలసీ చెల్లుతుందని రాతపూర్వకంగా తీసుకోండి. స్థానిక అధికారులను అనుమతి గురించి, పొగ పరిమితుల గురించి అడగండి. ఈ నిబంధనలు చాలాచోట్ల బిగుసుకున్నాయి. యూరోపియన్ యూనియన్‌లో కొత్తగా అమ్మే స్టవ్‌లకు 2022 జనవరి నుంచి, అమెరికాలో 2020 మే నుంచి కఠినమైన ప్రమాణాలు వచ్చాయి. మీరు చూస్తున్న పాత స్టవ్ అలాంటి ప్రమాణాలకు సరిపోతుందో లేదో తెలుసుకోవడం మంచిది. ప్రభుత్వ రాయితీలు సాధారణంగా కొత్తవాటికే ఇస్తారు. మీ దగ్గర అలాంటిది ఉంటే, రాయితీ పోను కొత్తదాని ధర ఎంతో తెలుసుకున్నాకే పాతదానితో పోల్చండి.

ఇక అత్యవసర నిధి. దయచేసి దాన్ని ముట్టుకోకండి. ఉద్యోగం పోయినా ఆస్పత్రి పాలైనా మీ నలుగురినీ నిలబెట్టేది అదే. పైగా స్టవ్ ఖర్చు స్టవ్‌తో ఆగదు. కరెంటు బిల్లు వాడుకున్నాక నెలనెలా వస్తుంది, పెల్లెట్లకు మాత్రం చలి మొదలవకముందే డబ్బు కట్టాలి. సీజన్ మధ్యలో విడిగా కొంటే ధరా పెరగవచ్చు, సరుకూ దొరకకపోవచ్చు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం తర్వాత యూరప్‌లో పెల్లెట్ల ధర కొద్ది నెలల్లోనే రెట్టింపు దాటింది. కాబట్టి స్టవ్, బిగింపు ఖర్చులతో పాటు మొదటి చలికాలపు 1,100 కిలోల సరుకు డబ్బు కూడా విడిగా చేతిలో ఉండాలి. ఆ బస్తాలకు తడి తగలని, గాలి ఆడే చోటు సుమారు 1.7 ఘనపు మీటర్లు కావాలి. తడిస్తే అవి ఉబ్బి మళ్లీ పొట్టుగా మారతాయి, డబ్బు పోయినట్టే. ఇంకొక మాట, కరెంటు పోతే ఈ స్టవ్ కూడా ఆగిపోతుంది. కరెంటు లేనప్పుడు పనికొస్తుందన్న లెక్కతో కొనకండి.

స్టవ్ కంటే ముందు కిటికీల సందులు, తలుపుల కింద గాలి, పైకప్పు ఇన్సులేషన్ చూసుకోండి. ఇవి సరిచేస్తే 6,000 యూనిట్లు 5,000కు దిగవచ్చు. అప్పుడు స్టవ్ మిగిల్చేదీ తగ్గుతుంది, మీరు ఇవ్వదగిన ధరా తగ్గుతుంది. వరుస తారుమారైతే మీకు అక్కరలేని వేడికి ఇప్పుడే డబ్బు కట్టినట్టవుతుంది.

నా సలహా ఇది. అడిగిన ధరకు, అత్యవసర నిధిలోంచి తీసి, కాలడం చూడకుండా అయితే కొనవద్దు. కిలో పెల్లెట్ల ధర రెండు యూనిట్లకు లోపు ఉండి, బోర్డు దొరుకుతుందని తేలి, టెక్నీషియన్ సరే అంటే, పైన వచ్చిన గరిష్ఠ ధర దాటకుండా బేరమాడండి. ఆ డబ్బు ఇప్పుడు చేతిలో లేకపోతే బిల్లు తక్కువగా వచ్చే నెలల్లో తేడాను విడి ఖాతాలో వేస్తూ పోండి. ఈ స్టవ్ వేరేవాళ్లు కొనుక్కుపోయినా బాధపడకండి, చలికాలం ముగిసే నెలల్లో ఇలాంటివి అమ్మేవాళ్లు మళ్లీ కనిపిస్తారు. అప్పటికి గోడకు బిగించి ఉన్నదాన్ని, వెలిగించి చూపించమని అడగగలిగేదాన్ని వెతకండి. ఏది కొన్నా, దాన్ని బిగించిన రోజే కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టించండి.