పేపర్ కప్పు నలుగుతుంది, స్టీలు గ్లాసు జారుతుంది: తేడా బలంలో లేదు

కందుకూరు నుంచి అడిగినవారికి. మీ నాయనకు పార్కిన్సన్స్ (కదలికలు నిదానించే మెదడు జబ్బు) అని, టీకొట్టు దగ్గర పేపర్ కప్పు నలిపేస్తున్నారని, ఇంట్లో స్టీలు గ్లాసేమో జారవిడుస్తున్నారని రాశారు. రబ్బరు బంతి పిసికిస్తే బాగవుతుందా అన్నారు. బంతి పక్కన పెట్టండి. ఎంత పట్టాలి, ఎప్పుడు పట్టాలి అన్న కొలత తప్పుతోంది. బంతి అది నేర్పదు.

టీతో కలిపి 200 గ్రాముల గ్లాసు పొడి చేతిలో నిలవడానికి బొటనవేలు వైపు 200 గ్రాముల ఒత్తిడి, ఎదురు వేళ్ల వైపు అంతే చాలు అనుకుందాం. పులుసు జిడ్డంటి రాపిడి సగమైతే అటూ ఇటూ 400 కావాలి. మామూలు చెయ్యి ఈ హద్దుకు కాస్త పైన ఆగుతుంది, గ్లాసు లేస్తుండగానే పట్టు బిగించుకుంటుంది. దీన్ని కొలిచి 1984లో ప్రచురించినవాళ్లు స్వీడన్‌కు చెందిన యోహాన్సన్, వెస్ట్‌లింగ్. వేలి కింద రవ్వంత జారినా సెకనులో పదో వంతు లోపే చెయ్యి సర్దుకుంటుంది. పార్కిన్సన్స్‌లో పట్టు నిదానంగా, మెట్లుమెట్లుగా పెరుగుతుంది. చాలినంత కాకముందే ఎత్తితే గ్లాసు జారుతుంది, ఆనక అవసరానికి మించి బిగిస్తే కప్పు నలుగుతుంది. షుగరుతో వేళ్లు మొద్దుబారినవాళ్లూ గట్టిగానే పట్టుకుంటారు, కానీ అక్కడ జారే కబురు చర్మం నుంచి అందదు.

బంతికి బదులు వంటింటి డిజిటల్ కాటా తీసుకోండి. మోచేయి బల్లమీద ఆనించి, బొటనవేలితో కాటా నొక్కి 200 దగ్గర 5 సెకన్లు నిలపాలి, తర్వాత 100కి దించాలి, సున్నాకు కాదు. దించడమే కష్టం, అసలు సాధన అదే. పదిసార్లు, పూటకోసారి. మోచేయి గాల్లో ఉంటే చేతి బరువు కూడా దిగి అంకె పెరిగిపోతుంది. వచ్చాక కళ్లు మూసి చేయించండి.

పేపర్ కప్పు నడుమ పడితే అంచు కోడిగుడ్డులా సాగి, టీ పైకెక్కి బొటనవేలి మీద ఒలుకుతుంది. అడుగున, మడత ఉన్నచోట పట్టమనండి. లేదా ఒకదాంట్లో ఒకటి రెండు కప్పులు అడగండి, కొట్టాయన ఏమీ అనుకోడు. స్టీలు గ్లాసుకు పాత బైకు ట్యూబు నుంచి 4 సెంటీమీటర్ల వెడల్పు రింగు కోసి తొడగండి. ముందు సబ్బుతో కడగాలి, లోపలి పౌడరు ఉండిపోతే ఇంకా జారుతుంది. చెంచాల్లో మన ఉదయగిరి చెక్క చెంచాలు మేలు: తేలిక, నున్నటి స్టీలంత జారవు. కాడ సన్నం కాబట్టి ఏసీ పైపుకు చుట్టే నల్ల ఫోమ్ తొడిగి లావు చేయండి.

పార్కిన్సన్స్ మాత్ర లెవోడోపా వాడుతుంటే, మాత్రకు ముందొకసారి, వేసిన గంట తర్వాత ఇంకోసారి సగం నీళ్ల కప్పు 10 సెకన్లు పట్టించి ఫోన్లో వీడియో తీయండి. మాత్ర తర్వాతే ఎక్కువ నలుగుతూ ఒళ్లు మెలికలు తిరుగుతుంటే ఆ వీడియో న్యూరాలజిస్టుకు చూపండి, డోసు మీరు మార్చొద్దు. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందేమో, నరాల పరీక్ష అడగండి. ఒకవైపు చెయ్యి ఉన్నట్టుండి పడిపోతే మాత్రం ఈ కాటాలూ కప్పులూ వద్దు, 108కి ఫోన్ చేయండి.